పెదవి మీద పాకింది బల్లి కాదు

ఏప్రిల్ నెలలో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి వెళ్ళిన ప్రతిసారీ, రెండో రోజో మూడో రోజో, నా కింది పెదవికి ఎడమ పక్కన ఒకచోట చిమచిమ మొదలవుతుంది. బియ్యపు గింజంత చోటు. అద్దంలో చూస్తే అక్కడ ఏమీ ఉండదు, చర్మం మామూలుగానే కనిపిస్తుంది. నాలుకతో తడిమితే మాత్రం ఆ కాస్త మేరా మందంగా, బిగుతుగా తగులుతుంది. లోపలి నుంచి సన్నటి దారంతో ఎవరో లాగి పట్టినట్టు ఉంటుంది. సాయంత్రానికి ఎర్రబడుతుంది. మర్నాడు పొద్దున్నకి ఆవగింజల్లాంటి నీటి పొక్కులు నాలుగైదు ఒకదానికొకటి ఆనుకుని గుత్తిగా లేస్తాయి. రెండు రోజుల్లో అవి చితికి ఒకే పుండుగా కలిసిపోతాయి. ఆ తర్వాత తేనెరంగులో చెక్కు కడుతుంది. నవ్వితే ఆ చెక్కు పగిలి రక్తం వస్తుంది. మొత్తం మీద పది రోజులు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరస.

మూడేళ్ళ కిందట మూల్యాంకన కేంద్రంలో నా పక్క బల్ల మీద లెక్కల పేపర్లు దిద్దుతున్న ఒక పెద్ద మాస్టారు నా పెదవి చూసి, "రాత్రి నిద్రలో బల్లి పాకినట్టుందమ్మా. కాస్త నెయ్యిలో పసుపు రంగరించి రాయండి" అన్నారు. ఆయన మాటలో ఆప్యాయత ఉంది. ఎదురు బల్ల మీద కూర్చున్న కుర్ర టీచరు ఫోనులో ఏదో వెతికి, గొంతు తగ్గించి, "మేడం, ఇది హెర్పిస్ అట కదా" అన్నాడు. ఆ మాట అన్న కాసేపటికి, మేమంతా పొద్దుట్నుంచీ తాగుతున్న నీళ్ళ సీసాను తన వైపు నుంచి మెల్లగా పక్కకు జరిపేశాడు. అతన్ని తప్పుపట్టడం లేదు. భయపడ్డాడు, అంతే.

ఒకే గదిలో, ఐదు నిమిషాల తేడాలో విన్న ఆ రెండు మాటల గురించే నేను రాయాలనుకుంటున్నాను. పేరు తెలియనంత కాలం మనం దీన్ని బల్లి అనీ వేడి అనీ కొట్టిపారేస్తాం. పేరు తెలిసిన మరుక్షణం పరువు పోయినట్టు వణికిపోతాం. కొట్టిపారేయడం వల్ల పసిపిల్లలకు హాని జరుగుతోంది. వణికిపోవడం వల్ల ఆడపిల్లల సంసారాల్లో చిచ్చు రేగుతోంది. జలుబు గురించి మాట్లాడినంత మామూలుగా ఈ పొక్కు గురించి మాట్లాడుకోగలిగితే రెండూ ఆగుతాయని నా గట్టి నమ్మకం.

ముందు మన పెద్దవాళ్ళ మాటలకు న్యాయం చేయాలి. బల్లి పాకింది, పురుగు పాకింది, సాలీడు పాకింది అని ఇంటికో రకంగా చెప్పుకున్నా, 'పాకడం' అన్న క్రియ మాత్రం అందరి నోటా ఒకటే. హెర్పిస్ అనే పేరు గ్రీకు భాషది. దాని మూలధాతువుకు అర్థం కూడా పాకడమే. ఆ గ్రీకు ధాతువూ, మన సర్పం అన్న మాటకు మూలమైన సంస్కృత ధాతువూ అక్కాచెల్లెళ్ళు. నడుము చుట్టూ పటకాలా పొక్కులు లేస్తే మన పల్లెల్లో సర్పి అంటారు. అది ఈ కుటుంబంలోదే అయిన మరో వైరస్, ఆటలమ్మను తెచ్చేది. చరక సంహిత ఒక చర్మవ్యాధికి పెట్టిన విసర్పం అనే పేరు కూడా అక్కడి నుంచి పుట్టిందే. చర్మం మీద ఒకచోట మొదలై పక్కకు పాకుతూ పోయే పొక్కులను చూసి పాత గ్రీకు వైద్యుడికీ మా నాయనమ్మకీ ఒకే మాట తట్టింది. ఇద్దరూ కళ్ళతో సరిగ్గానే చూశారు. పాకింది ఏమిటన్న దగ్గరే పొరపాటు జరిగింది.

జ్వరం పొక్కు అన్న పేరు కూడా ఊరికే రాలేదు. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. నా చిన్నతనంలో మా వైపు వానాకాలం వస్తే మలేరియా వచ్చినట్టే. వణుకు, మూడు దుప్పట్లు, చేదు మాత్రలు, ఆపైన చెమటలు. ఆ చెమటలు పట్టి లేచిన మర్నాడు పెదవి మీద పొక్కులు కనిపించేవి. నాయనమ్మ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసి, "జ్వరం పెదవి మీదికి వచ్చేసింది, ఇక దిగిపోయినట్టే" అనేది. ఆ మాట వింటే నాకు సగం రోగం నయమైనట్టు ఉండేది. మలేరియాలోనూ న్యుమోనియాలోనూ పెదవుల మీద ఇలాంటి పొక్కులు తరచుగా కనిపిస్తాయని పాత వైద్య గ్రంథాలు కూడా రాశాయి. నాయనమ్మ గమనించింది నిజం. అయితే జ్వరం పెదవి మీదికి రావడం అనేది లేదు. జ్వరంతో ఒళ్ళు అలిసిపోయినప్పుడు, అప్పటికే లోపల పడుకుని ఉన్న వైరస్ లేచి బయటికి వస్తుంది.

'వేడి చేసింది' అనడం కూడా ఇలాంటిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పెదవి చర్మానికి తగిలితే ఈ పొక్కు లేస్తుందని వైద్యులు నిర్ధారించారు. నిద్ర లేకపోవడం, మనసు మీద ఒత్తిడి, నెలసరి, పన్ను పీకించుకోవడం, పెదవికి దెబ్బ తగలడం కూడా దీన్ని లేపుతాయి. మా ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళిళ్ళు ఆ నెలల్లోనే. రాత్రి ముహూర్తాలకు నిద్ర కాచి, పగలు బస్సుల్లో తిరిగి, చుట్టాల మధ్య నలిగిపోయిన మనిషికి నాలుగో రోజున పెదవి మీద పొక్కు లేస్తే, ఇంట్లో వాళ్ళు వేడి అనక మరేమంటారు? కానీ మామిడిపండ్ల వల్లో ఆవకాయ వల్లో రాదు. మజ్జిగ తాగితే పోదు. ఎండలో తిరిగేటప్పుడు చున్నీయో కొంగో ముక్కు దిగువ దాకా చుట్టుకోవడం, ఎస్పీఎఫ్ 30 అయినా ఉన్న లిప్ బామ్ పెదవులకు రాసుకోవడం మాత్రం నిజంగా పనికొస్తాయి. ఈ ఒక్క జాగ్రత్తతో నాకు ఏడాదికి నాలుగుసార్లు వచ్చేది ఒకటి రెండుసార్లకు తగ్గింది.

ఇంతకీ ఆ వైరస్ ఎక్కడ పడుకుంటుంది? దీని కథ నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. దాని పేరు హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం. చాలామందికి చిన్నతనంలోనే, లాలాజలం ద్వారా, పెద్దవాళ్ళ ముద్దుల ద్వారా అంటుకుంటుంది. కొందరు పిల్లలకు ఆ మొదటిసారి జ్వరం వచ్చి, చిగుళ్ళు వాచి, నోరంతా పుండ్లై నాలుగు రోజులు అన్నం తినలేక ఏడుస్తారు. ఎక్కువమందికి ఏమీ కాదు, వచ్చిందని కూడా తెలియదు. చర్మంలో ఆ పని ముగిశాక వైరస్ అక్కడి నాడి కొసను పట్టుకుని, ఆ నాడి వెంటే పైకి ప్రయాణం చేస్తుంది. ముఖానికి స్పర్శనిచ్చే నాడి మూడు పాయలుగా చీలి నుదుటికీ చెంపకూ దవడకూ వస్తుంది. ఆ మూడు పాయలూ కలిసేచోట, చెవికి కొంచెం ముందు, పుర్రె లోపల, నాడీకణాల ముడి ఒకటుంది. వైరస్ ఆ ముడిలో చేరి నిద్రపోతుంది. మనం బతికి ఉన్నంత కాలం అక్కడే ఉంటుంది. మేలుకున్నప్పుడు వచ్చిన దారినే మళ్ళీ కిందికి దిగుతుంది. నా పెదవి మీద ప్రతిసారీ అదే చోట చిమచిమలాడటానికి కారణం అదే. బల్లి అయితే ముప్పై ఏళ్ళుగా అదే బియ్యపు గింజంత చోటు వెతుక్కుంటూ వస్తుందా?

ఈ సంగతి ఒక్కరోజులో తేలలేదు. 20వ శతాబ్దం మొదట్లో హార్వే కుషింగ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు, భరించలేని ముఖనొప్పితో వచ్చిన రోగులకు ఈ నాడీముడి దగ్గర ఆపరేషన్ చేసేవాడు. ఆపరేషన్ తర్వాత కొందరికి ముఖం మీద ఇవే పొక్కులు లేచాయి. నాడి తెగి స్పర్శ పోయిన మేర మాత్రం లేవలేదు. 1929లో ఎర్నెస్ట్ గుడ్‌పాస్చర్ అనే వైద్యుడు, వైరస్ ఆ ముడిలోనే దాక్కుంటుందని వాదించాడు. 1970లలో, వేరే కారణాలతో చనిపోయినవారి నాడీముడుల్లో పరిశోధకులు దాన్ని నిజంగానే పట్టుకున్నారు.

ఎంతమందిలో ఉందో తెలిస్తే సిగ్గు సగం తగ్గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వారిలో సుమారు 380 కోట్ల మందికి, అంటే 64 శాతం మందికి, ఈ ఒకటో రకం వైరస్ ఉంది. ఇది రాస్తున్న నాకు ఉంది. చదువుతున్న మీలో ఎక్కువమందికి ఉండే ఉంటుంది. వారిలో చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా పొక్కు లేవదు. ఎందుకు కొందరికి లేస్తుంది, కొందరికి లేవదన్నది వారి వారి ఒంటి రక్షణ శక్తిని బట్టి ఉంటుంది. నడవడికతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. నోటి లోపల, చెంప లోపలి వైపు, నాలుక అంచున తెల్లగా గుంట పడే నోటిపూత వేరు. అది అంటుకోదు. పెదవుల రెండు చివర్లలో, సెలవుల దగ్గర, పగిలి మండేది ఇంకోటి. దానికి విటమిన్ల లోపమో ఇనుము లోపమో ఫంగసో కారణం కావచ్చు. మందుల షాపులో ఈ మూడింటికీ ఒకే బి కాంప్లెక్స్ మాత్రల పట్టీ ఇస్తారు. జ్వరం పొక్కుకు దానితో పని లేదు. గుర్తు పట్టడం కష్టం కాదు. ముందు చిమచిమ, తర్వాత గుత్తిగా నీటి పొక్కులు, ప్రతిసారీ దాదాపు అదే చోట ఉంటే, అది ఇదే.

మందుల షాపు అన్నాను కనుక నాకు జరిగినదీ చెప్పాలి. బీఈడీ చదివేటప్పుడు, ప్రాక్టికల్ పాఠం చెప్పాల్సిన వారంలో, పొక్కు లేచింది. పిల్లల ముందు ఆ ముఖంతో నిలబడాలంటే ఏడుపొచ్చింది. వీధి చివరి షాపుకు వెళ్తే కౌంటరులోని అబ్బాయి నా ముఖం చూసి, ఏమీ అడగకుండా, ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టాడు. దురదకూ తామరకూ మచ్చలకూ అన్నిటికీ రాసుకునే మిశ్రమ క్రీము. రాసుకోగానే మంట తగ్గింది, ఎరుపు తగ్గింది. ఎంత బాగా పనిచేసిందో అనుకుని రోజుకు మూడుసార్లు రాశాను. నాలుగో రోజుకి పొక్కులు పెదవి దాటి గడ్డం మీదికి దిగాయి. ఆ ఒక్కసారి మూడు వారాలు పట్టింది. ఆ ట్యూబులో ఉన్నది ఘాటైన స్టెరాయిడ్ అని తర్వాత చర్మవైద్యురాలు చెప్పింది. మంటను తెచ్చేది వైరస్‌తో పోరాడుతున్న మన ఒళ్ళే. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. పైకి చల్లబడినట్టు ఉంటుంది, కింద వైరస్‌కు దారి తెరుచుకుంటుంది. దయచేసి పెదవి పొక్కుకు ఇలాంటి మిశ్రమ క్రీములు రాయకండి. ఎవరైనా చేతిలో పెడితే వెనక్కి ఇచ్చేయండి.

దీనికి అసలైన మందు ఉంది, అది చాలాకాలంగా మన ఊళ్ళలో దొరుకుతోంది. దాని వెనక ఉన్న మనిషి గురించి నా క్లాసులో ఆడపిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను. గెర్ట్రూడ్ ఎలియన్ 1918లో న్యూయార్కులో పుట్టింది. పదిహేనేళ్ళప్పుడు ప్రాణంగా చూసుకున్న తాతయ్య క్యాన్సరుతో పోతే, రసాయనశాస్త్రం చదవాలని నిశ్చయించుకుంది. ఆడపిల్లకు ప్రయోగశాలలో ఉద్యోగమెందుకన్న రోజులవి. పీహెచ్‌డీ పూర్తి చేసే వీలు దొరకలేదు. అయినా ఆమె పనిచేసిన చోట, ఆమె బృందం చేతుల మీదుగా ఎసైక్లోవిర్ అనే ఈ మందు వచ్చింది. 1988లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆమె ఒకరు. వైరస్‌ను చంపే మందు మనిషి కణాలనూ చంపుతుందని అందరూ భయపడుతున్న కాలంలో ఈ మందు ఆ భయాన్ని పోగొట్టింది. ఎసైక్లోవిర్ మామూలు కణంలోకి వెళ్తే దాదాపు ఏ పనీ చేయదు. వైరస్ తన సొంత ఎంజైముతో దాన్ని తాకినప్పుడే అది మేలుకుని, వైరస్ తన నకళ్ళు తీసుకోవడాన్ని ఆపేస్తుంది. దొంగ తన తాళంచెవితోనే తనను తాను గదిలో బంధించుకున్నట్టు.

కానీ ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. నాడీముడిలో నిద్రపోతున్న వైరస్‌ను ఈ మందు తాకలేదు. కనుక పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. 'శాశ్వత పరిష్కారం' అని ఎవరు అమ్మినా నమ్మవద్దు. ఎసైక్లోవిర్ క్రీము రోజుకు ఐదుసార్లు రాస్తే పొక్కు అర రోజో ఒక రోజో ముందు మానుతుంది, అంతకు మించి కాదు. మాత్రలు దానికంటే మేలు. ముఖ్యంగా వాలసైక్లోవిర్ అనే మాత్రను చిమచిమ మొదలైన వెంటనే, 12 గంటల తేడాతో రెండు మోతాదులుగా, ఒక్కరోజు వేసుకుంటే సరిపోయే పద్ధతి ఉంది. మోతాదు వైద్యులే చెప్పాలి. కిడ్నీ సమస్య ఉన్నవారికి తగ్గించి ఇస్తారు. అసలు కిటుకు మందులో కన్నా సమయంలో ఉంది. వైరస్ వేగంగా పెరిగేది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. పుండు పడ్డాక, చెక్కు కట్టాక మాత్రలు మింగితే పెద్ద లాభం లేదు. నేను ముందే చీటీ రాయించుకుని ఒక విడత మాత్రలు నా బ్యాగులో, ఎర్ర పెన్నుల పక్కన ఉంచుకుంటాను. చిమచిమ తెలిసిన గంటలోపే వేసుకుంటాను. కొన్నిసార్లు పొక్కు లేవకుండానే అణిగిపోయింది. కొన్నిసార్లు లేచినా చిన్నగా లేచి వారంలో మానింది. ఏడాదికి ఆరుసార్లో అంతకు మించో వచ్చేవారికి రోజూ ఒక మాత్ర చొప్పున కొన్ని నెలలు వాడే పద్ధతి కూడా ఉంది. ఊరికే ఓర్చుకోనక్కర్లేదు.

పసుపు, నెయ్యి, తేనె? నెయ్యి రాస్తే చెక్కు పగలకుండా మెత్తగా ఉంటుంది, ఆ మేరకు హాయి. వాజలీన్ కూడా అదే చేస్తుంది. న్యూజిలాండ్‌లో దొరికే ఒక రకం తేనెను ఎసైక్లోవిర్ క్రీముతో పోల్చి చేసిన పరీక్ష 2019లో అచ్చయింది. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాన్ని తేనె గొప్పతనమని చెప్పుకున్నవాళ్ళున్నారు. నాకు మాత్రం క్రీము బలం ఎంత తక్కువో అందులో కనిపించింది. సున్నం, టూత్‌పేస్టు మాత్రం వద్దు, చర్మం దెబ్బతింటుంది. గోటితో చెక్కు గీకవద్దు. పొక్కు ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడగాలి. ఆ వేళ్ళతో కన్ను నలపకూడదు, కాంటాక్ట్ లెన్సు పెట్టుకోకూడదు. ఈ వైరస్ కంటి నల్లగుడ్డు మీదికి వెళ్తే అక్కడ చెట్టు కొమ్మల్లా చీలికలు చీలికలుగా పుండు పడుతుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. పొక్కులున్నప్పుడు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే, ఇంట్లో ఉన్న ఏవో చుక్కలు వేసుకోకుండా ఆ రోజే కంటి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే నా గడ్డం మీద జరిగిందే కంట్లో జరుగుతుంది. పొక్కు రెండు వారాలైనా మానకపోయినా, ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఒంటి మీద పాకినా, క్యాన్సరు మందులు వాడుతున్నవారికి లేచినా, అది ఇంట్లో చూసుకునే విషయం కాదు.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టిన సంగతి.

మా బాబాయి కూతురికి రెండోసారి గర్భం నిలవలేదు. ఆసుపత్రిలో చాలా పరీక్షలు రాశారు. అందులో టార్చ్ అనే పరీక్ష ఒకటి. మన దగ్గర గర్భం పోయిన ఆడవాళ్ళలో చాలామంది చేత ఇది చేయిస్తారు. గర్భంలోని బిడ్డకు హాని చేయగల కొన్ని ఇన్‌ఫెక్షన్లకు ప్రతిరక్షకాలు ఉన్నాయేమో చూసే పరీక్ష అది. చివరి అక్షరం హెర్పిస్‌ది. రిపోర్టులో ఆ వరసలో ఐజీజీ పాజిటివ్ అని, నల్లటి లావు అక్షరాల్లో వచ్చింది. రిపోర్టు ఇచ్చిన చోట ఎవరూ ఏమీ వివరించలేదు. మరిది, అంటే దాని భర్త, ఫోనులో వెతికాడు. హెర్పిస్ అంటే లైంగిక వ్యాధి అని కనిపించింది. ఆ సాయంత్రం అత్తగారింట్లో ఎవరూ దాన్ని నేరుగా ఏమీ అనలేదట. అన్నం మాత్రం ఎవరూ పిలిచి పెట్టలేదట.

రాత్రి పదకొండు దాటాక నాకు ఫోను చేసింది. "అక్కా, నేనేం తప్పు చేశానే?" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేను దాన్ని ఒకటే అడిగాను. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మన ఇద్దరికీ జ్వరం వచ్చి, పెదవుల మీద పొక్కులు లేచి, నాయనమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి నెయ్యి రాసింది, గుర్తుందా? గుర్తుంది. ఆ నెయ్యి రాసిన వేలు ఒకటే, తినిపించిన కంచం ఒకటే, ముద్దులు పెట్టిన నోరు ఒకటే. ఆ రిపోర్టులో ఉన్నది అదేనే, నాయనమ్మ ముద్దు అన్నాను. అవతల చాలాసేపు ఏడ్చింది.

ఐజీజీ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ ఒంట్లోకి వచ్చిందని, ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుందని మాత్రమే అర్థం. ఎప్పుడు వచ్చిందో అది చెప్పదు. ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు. కొన్ని రిపోర్టుల్లో పెదవి మీద లేచే ఒకటో రకం, ఎక్కువగా జననాంగాల దగ్గర లేచే రెండో రకం కలిపే రాస్తారు కనుక ఏ రకమో కూడా చెప్పదు. పెద్దవాళ్ళలో సగానికి పైగా మందికి పాజిటివ్ వచ్చే పరీక్షతో ఒక మనిషి శీలాన్ని కొలవడం కన్నా అన్యాయం ఇంకోటి ఉందా? పాత పెదవి పొక్కు వైరస్ వల్ల గర్భాలు పోవు. వరసగా గర్భం పోతున్నవారికి ఈ పరీక్ష మామూలుగా చేయించనక్కర్లేదన్నదే ఈ రంగంలోని నిపుణుల మాట. పైగా తల్లి ఒంట్లోని ఆ ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డకు చేరి, పుట్టిన తొలి నెలల్లో కొంత కాపు కాస్తాయి. ప్రసవం దగ్గర పడ్డాక తల్లికి జననాంగాల దగ్గర ఈ వైరస్ మొదటిసారి సోకితే మాత్రం ప్రమాదం. అది వేరే సంగతి, దానికి వేరే జాగ్రత్తలున్నాయి. ఒకటో రకం కూడా నోటి నుంచి జననాంగాలకు అంటగలదు. అందుకే పెదవి మీద పొక్కు ఉన్నన్నాళ్ళు భార్యాభర్తలు ముద్దులకూ నోటితో చేసే ఏ లైంగిక చర్యకూ దూరంగా ఉండాలి. ఈ మాట రాయడానికి నేను సిగ్గుపడటం లేదు. సిగ్గుపడి రాయనందువల్లే ఒక ఇంట్లో ఆ రాత్రి అన్నం ముద్ద దిగలేదు.

పది రోజుల తర్వాత దాన్నీ మరిదినీ వెంటబెట్టుకుని మరో వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రిపోర్టు చూసి పక్కన పెట్టి, "ఈ గదిలో ఉన్న మనందరికీ ఈ పరీక్ష చేస్తే ఎక్కువమందికి ఇదే వస్తుంది. నాకైతే తప్పకుండా వస్తుంది, ఏటా పొక్కు లేస్తుంది కదా" అన్నారు. మరిది తల దించుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ అబ్బాయి మంచివాడు. తెలియనితనం మంచివాళ్ళ చేత కూడా ఇంత పని చేయిస్తుంది.

ఏడాదిన్నరకు దానికి పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు బారసాల. సరిగ్గా మూడు రోజుల ముందు నా పెదవి చిమచిమలాడింది. మాత్రలు వేసుకున్నా ఆ సారి రెండు పొక్కులు లేచాయి. వెళ్ళకుండా ఉండలేను, పెద్దక్కను.

ఎంగిలి విషయంలో మనకున్నంత పట్టింపు ఎవరికీ లేదు. చెంబు పెదవికి ఆనకుండా ఎత్తి పోసుకుని తాగుతాం. ఒకరు కొరికిన పండు ఇంకొకరు ముట్టుకోరు. అదే పసిబిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపంతా ఎటు పోతుందో. వచ్చిన ప్రతి చుట్టమూ బుగ్గ మీద, నోటి మీద, వేళ్ళ మీద ముద్దు పెట్టుకోవాల్సిందే. అరచేయి నోట్లో పెట్టుకుని ఆడించేవాళ్ళూ ఉన్నారు. పెద్దవాళ్ళకు పెదవి మీద పది రోజుల ఇబ్బందిగా పోయేది, నెల నిండని బిడ్డలో కాలేయానికీ మెదడుకూ పాకగలదు. సమయానికి రక్తనాళం ద్వారా మందు అందకపోతే ప్రాణం తీస్తుంది, బతికినా లోపాలు మిగల్చవచ్చు. అరుదే. అరుదైనది మన ఇంట్లోనే జరిగితే ఆ మాట ఎవరికీ ఓదార్పు కాదు. పసిబిడ్డ పాలు తాగకుండా, మత్తుగా పడి ఉండి, ఒంటి మీద ఎక్కడైనా నీటి పొక్కులు కనిపిస్తే గంట కూడా ఆగకూడదు. తల్లికే పొక్కు లేస్తే పాలు మాన్పించనక్కర్లేదు. రొమ్ము మీద పొక్కు లేనంత వరకు పాలివ్వవచ్చు. చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, ముద్దులు మాత్రం ఆపుకుంటే చాలు. ఆ తల్లికి వేరే కంచం, వేరే గది పెట్టి అంటరానిదాన్ని చేయవద్దు.

బారసాలలో ఉయ్యాల చుట్టూ అందరం నిలబడి ఉన్నాం. చెల్లెలి అత్తగారు పాపను ఎత్తి నా చేతుల్లో పెట్టబోయారు. నేను అడుగు వెనక్కి వేసి, మాస్కు కిందికి దించి, పెదవి చూపించి, అందరికీ వినబడేలా చెప్పాను. "నాకు హెర్పిస్ పొక్కు ఉందండీ. ఇది చిన్నప్పటి నుంచీ వచ్చేదే. మానేదాకా పాపను ఎత్తుకోను, ముద్దు పెట్టుకోను. మీలో ఎవరికి ఉన్నా అలాగే చేయండి." ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అని ఉండరు. పాట పాడుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. చెల్లెలు నా వైపు చూసింది. నేను చేతులు కడుక్కుని వచ్చి, పాప పాదాన్ని చూపుడువేలితో ఒక్కసారి తాకాను. అరికాలు ముడుచుకుంది.

భోజనాల వేళ వాళ్ళ అత్తగారు నా పక్కన వచ్చి కూర్చున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొంగుతో చేయి తుడుచుకుని, ఫోను తీసి, ఒక ఫొటో పెద్దది చేసి చూపించారు. పెద్ద మనవడి పెదవి. పై పెదవి మీద గుత్తిగా నాలుగు పొక్కులు.

"ఇదీ అదేనా అమ్మా?" అన్నారు.

"అదే అనిపిస్తోంది అత్తయ్యగారూ. ఎన్నాళ్ళయింది?"

"నిన్న లేచింది. వాడు పొద్దుట్నుంచీ చెల్లిని చూస్తానని గొడవ. బల్లి పాకిందిలే, ఏం కాదు, తీసుకొస్తానన్నాను."

"చెక్కు కట్టి రాలేదాకా ఆగమనండి. ఈ లోపు తలుపు దగ్గర నిలబడి చూడవచ్చు."

ఆవిడ అక్కడే కూర్చుని కొడుక్కి ఫోను చేసి, పిల్లవాణ్ణి ఇవాళ తీసుకురావద్దని చెప్పారు. ఎందుకని అవతలి వైపు అడిగినట్టున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఆ మాట పలకడం మొదటిసారి కాబట్టి కాస్త తడబడుతూ, "హెర్పిస్" అన్నారు.